రోజులు లెక్కేసుకుంటే భయమెందుకు?

ఇంట్లో చావు మాట ఎత్తి చూడండి. మా నందికొట్కూరులో అయితే జేజి వెంటనే కసురుతుంది, ‘‘పొద్దుగూకే యాళ ఆ మాటలేందిరా!’’ అని. ఫోన్‌లో మాత్రం రోజూ ఎవరిదో ఒకరి చావు వార్త చూస్తూనే ఉంటాం. చేతులు జోడించిన ఎమోజీ ఒకటి పెట్టి, తర్వాతి రీల్‌కి వెళ్లిపోతాం.

బైబిల్ మాత్రం కాసేపు ఆగమంటుంది. మోషే ప్రార్థనగా పేరున్న 90వ కీర్తన, మన రోజులు లెక్కపెట్టుకోవడం నేర్పమని దేవుణ్ని అడుగుతుంది. భయపడటానికి కాదు, బుద్ధి తెచ్చుకోవడానికి.

ఆ లెక్క మనిషిని ఎంత దూరం నడిపిస్తుందో తెలియాలంటే వేలూరు సీఎంసీ కథ వినాలి. పెద్ద జబ్బు చేస్తే ‘‘వేలూరుకు పోదాం’’ అనడం మన సీమలో మామూలే కదా. దాన్ని మొదలుపెట్టిన ఐడా స్కడర్ 1870లో తమిళనాడులోని రాణిపేటలో, అమెరికన్ మిషనరీల ఇంట్లో పుట్టారు. ఆమెకు ఇక్కడ ఉండిపోవాలనే లేదు. అమెరికాలో చదువుకుంటూ, అమ్మకు బాగోలేదంటే వచ్చారు. మళ్లీ వెళ్లిపోదామనే అనుకున్నారు.

1890లలో ఒక రాత్రి తిండివనంలో వాళ్లింటికి ముగ్గురు మగాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ముగ్గురి భార్యలూ కాన్పు నొప్పులతో అల్లాడుతున్నారు. ఐడా నాన్న డాక్టరే. కానీ మగ డాక్టర్ వద్దు, నువ్వు రా తల్లీ అన్నారు. ఆమెకేమో వైద్యం రాదు. తెల్లారేసరికి ఆ ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు.

ఆ చావుల్లో ఐడా దేవుడి పిలుపు విన్నారు. అమెరికా వెళ్లి 1899లో కార్నెల్‌లో డాక్టర్ పట్టా తీసుకున్నారు. తిరిగొచ్చి 1900లో వేలూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టారు. 1902లో ఆసుపత్రి, 1918లో అమ్మాయిలకు మెడికల్ స్కూల్ వచ్చాయి. 1960లో, 89 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు.

‘‘చచ్చాక ఎక్కడికి పోతాం?’’ అన్న ప్రశ్న మనకు సండే స్కూల్ నుంచే తెలుసు. ‘‘అప్పటిదాకా ఎవరికి పనికొస్తాం?’’ అన్నది మనం పెద్దగా అడగం. పునరుత్థానం ఉందని నమ్మితే, బతుకును దాచిపెట్టుకోవాల్సిన పనేముంది? నలుగురి కోసం ధైర్యంగా ఖర్చుపెట్టొచ్చు.

మట్టికి పోయినప్పుడల్లా నేనొకటి గమనిస్తుంటా. పోయినాయన ఎన్ని ఎకరాలు సంపాదించాడన్న మాట కాసేపే. ‘‘అర్ధరాత్రి పిలిచినా వచ్చేవాడు’’ అన్న మాటే చాలాసేపు నడుస్తుంది.

అందరం ఆసుపత్రులు కట్టలేం. కానీ కర్నూలులో ఎవరికో రక్తం కావాలని గ్రూప్‌లో మెసేజ్ వస్తుంది చూడండి. మన తలుపు తట్టే చప్పుడు అదే. ఈసారి ఫార్వర్డ్ కొట్టి ఊరుకోకండి, బస్సెక్కండి.