కుక్కకు సముద్రపు గాలి ఎందుకు చాలదు?

ఇచ్ఛాపురం దగ్గర మొదలుపెట్టి తడ దాకా, ఆంధ్ర తీరం పొడవునా వ్యాన్‌లో వెళ్దామని తమ్ముడూ నేనూ అనుకున్నప్పుడు ఇంట్లో అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: "మరి కర్రి సంగతేంటి?" కర్రి మా కుక్క. ఆరేళ్ల నాటుకుక్క, కాటుక నలుపు, 18 కిలోల బరువు. దాన్నీ తీసుకెళ్తామన్నాం. నెల చూస్తే ఏప్రిల్. "హైదరాబాద్‌లో 40 డిగ్రీల ఎండ చూసిన ప్రాణి అక్కా అది. సముద్రం పక్కన 34 డిగ్రీలు దానికో లెక్కా?" అన్నాడు తమ్ముడు. నాకూ సబబుగానే తోచింది. ఆ లెక్క తప్పని తెలియడానికి ఉప్పాడ దాకా వెళ్లాల్సి వచ్చింది.

మేం భయపడిందల్లా వ్యాన్ గురించే. ఎండలో నిలిపిన బండిలో కుక్కను వదిలితే ఏమవుతుందో చాలామందికి తెలుసు. సూర్యకాంతి అద్దాల గుండా లోపలికి వెళ్లి సీట్లను, డ్యాష్‌బోర్డును వేడెక్కిస్తుంది. ఆ వేడి బయటకు పోయే దారి ఉండదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2005లో ప్రచురించిన కొలతలు చూస్తే, బయట 22 నుంచి 36 డిగ్రీల దాకా ఉన్న రోజుల్లో నిలిపి ఉంచిన కారు లోపల గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దాలు కాస్త దించి ఉంచినా పెద్దగా ఉపయోగం లేదు. అందుకే కర్రిని ఒంటరిగా వ్యాన్‌లో వదలకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాం. భోజనానికి దిగితే ఒకరి తర్వాత ఒకరం. పైకప్పుకు ఒక ఫ్యాన్, 80 లీటర్ల మంచినీళ్ల ట్యాంకు, ఉష్ణోగ్రతా తేమా చూపే చిన్న మీటరు, కుక్కకు జ్వరం చూసే థర్మామీటరు పెట్టుకున్నాం. ఇంత సరంజామాలో ఆ చిన్న మీటరును మొదటి వారం మేం సరిగా చదవనే లేదు. ఉష్ణోగ్రత చూసి ఊరుకున్నాం, పక్కనే ఉన్న రెండో అంకెను పట్టించుకోలేదు.

తొలి మకాం శ్రీకాకుళం జిల్లా బారువ. కుక్కను నడిపించడానికి తీరంలో మంచి వేళ తెల్లవారుజాము. ఇసుక చల్లగా ఉంటుంది, మనుషులు ఉండరు. మొదటి రోజు మూడున్నరకే దిగాం. కర్రి మెడతాడు నా చేతిలోనే ఉంది. నాలుగడుగులు వేసిందో లేదో, ఒకచోట ముక్కు ఇసుకలో పెట్టి ముందు కాళ్లతో గోకడం మొదలుపెట్టింది. టార్చి వెలుగు మా మీద పడింది. తాబేళ్ల గుడ్లకు కాపలా ఉండే మనిషి. "కుక్కనొగ్గీకండమ్మా. గుడ్ల వాసన పట్టిందంటే గొయ్యంతా తవ్వేస్తాది" అన్నాడు.

ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తూర్పు తీరానికి ఎక్కువగా జనవరి నుంచి మార్చి లోపు వచ్చి, ఇసుకలో మూరెడు లోతున గొయ్యి తీసి, వంద దాకా గుడ్లు పెట్టి పోతాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. అంటే ఏప్రిల్ సరిగ్గా పిల్లలు పైకి వచ్చే కాలం. అవి ఇసుక చల్లబడ్డాక, రాత్రిపూటే వస్తాయి. అలల మీద మెరిసే వెలుగు వైపు పాకుతాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్న జీవి ఇది, పులితో సమానమైన రక్షణ. గూళ్లను తవ్వేసేవాటిలో ఊరి కుక్కలు ముందుంటాయి. మా కర్రి ఊరి కుక్కే కదా, హైదరాబాద్ నుంచి వచ్చినంత మాత్రాన దాని ముక్కు మారదు.

ఇక్కడే చిక్కు వచ్చింది. కుక్కకు చల్లగా ఉండే వేళే తాబేలు పిల్లలు పైకి వచ్చే వేళ. ఇసుక మీద నడకను పగటికి మార్చేశాం. ఉదయం తొమ్మిదిన్నర, పది మధ్య అయితే సముద్రపు గాలి మొదలవుతుంది, ఎండ ఇంకా ముదరదు అనుకున్నాం. భూమి సముద్రం కన్నా త్వరగా వేడెక్కుతుంది. దాని మీద గాలి తేలికై పైకి లేస్తుంటే నీటి మీది చల్లగాలి ఆ చోటులోకి వస్తుంది. ఆ గాలి తగిలితే మనకు ప్రాణం లేచి వచ్చినట్టుంటుంది. భీమిలి, విశాఖ దాటేదాకా ఏ ఇబ్బందీ లేదు.

ఉప్పాడలో సముద్రం ఊరిని కోసుకుంటూ వస్తోంది. అలల దెబ్బకు తెగిన రోడ్డు, అడ్డంగా వేసిన రాళ్లు, వాటి పక్కనే ఒడ్డుకు లాగిన పడవలు. ఒడ్డున ఇసుక మిగిలిన చోట కర్రిని పొడవాటి తాడుతో వదిలాం. పీతల వెంట అరగంట పరుగెత్తింది. మీటరులో 34 డిగ్రీలు, తేమ 70 శాతం. గాలి బాగా వీస్తోంది, నాకైతే హాయిగానే ఉంది. చేపల బుట్ట దించుకుంటున్న ఒక పెద్దావిడ మమ్మల్ని కేకేసింది: "ఏంటమ్మా, ఆ కుక్క అలా తూలిపోతంది?"

చూద్దును కదా, కర్రి నాలుక వెడల్పై అట్లకాడలా వేలాడుతోంది. చిగుళ్లు ఎర్రగా కందిపోయాయి. నోటి నుంచి జిగురుగా సొంగ కారుతోంది. వెనక కాళ్లు నిలవడం లేదు. "ఎత్తుకుని బండెక్కించు, కాకినాడ పోదాం" అన్నాడు తమ్ముడు. "నీళ్లు పోయండి ముందు" అంటూ ఆవిడ తన బకెట్టు తీసుకొచ్చి పొట్ట మీద, తొడల మీద కుమ్మరించింది. పడవ నీడలోకి లాగి మా ట్యాంకు నీళ్లూ పోశాం. అట్టముక్కతో విసురుతూ థర్మామీటరు పెడితే 40.8 డిగ్రీలు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు 38 నుంచి 39.2 దాకా ఉంటుంది. 41 దాటితే పేగులు, మూత్రపిండాలు, రక్తం గడ్డకట్టే వ్యవస్థ దెబ్బతినే ప్రమాదం.

కుక్కకు ఎందుకిలా జరిగింది, పక్కనే నడిచిన నాకెందుకు జరగలేదు? మన ఒంటి నిండా చెమట గ్రంథులు ఉన్నాయి. కుక్కకు చల్లదనానికి పనికొచ్చే చెమట దాదాపు అరికాళ్ల మెత్తల దగ్గరే పడుతుంది, అది లెక్కలోకి రాదు. దాని చల్లటి యంత్రమంతా ముక్కు, నోరు, నాలుకల్లో ఉంది. గ్రాము నీరు ఆవిరైతే సుమారు 2.4 కిలోజౌళ్ల వేడి తీసుకుపోతుంది. కుక్క వగర్చడం అంటే ఆ తడి మీద గాలిని ఆడించడమే. 1970లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ పరిశోధనలో, వగర్చే కుక్క గాలిని ఎక్కువగా ముక్కుతో లోనికి లాగి నోటితో వదులుతుందని తేలింది. ముక్కు లోపల ప్రత్యేక గ్రంథి ఒకటి ఆ తడిని అందిస్తుంది. వగర్పు నిమిషానికి 300 దాటుతుంది. అంత వేగంగా కండరాలు ఆడితే దానికే వేడి పుట్టాలి కదా? ఉయ్యాలను దాని ఊపుకు తగ్గట్టు తోస్తే చిన్న తోపు చాలు. కుక్క కూడా తన ఛాతీ, ఊపిరితిత్తుల సహజ ఊపుకు సరిపోయే వేగంతోనే వగరుస్తుందని 1962లోనే కొలిచి చూపారు. ఇంత పొదుపైన ఏర్పాటు చూస్తే ముచ్చటేస్తుంది.

అయితే ఈ యంత్రానికి కావాల్సింది పొడిగాలి. కర్రి నోటి నుంచి బయటకొచ్చే గాలి సుమారు 38 డిగ్రీల్లో, తడితో నిండి ఉంటుంది. ఘనపు మీటరు గాలిలో 46 గ్రాముల దాకా నీటి ఆవిరి. హైదరాబాద్‌లో 40 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్న మధ్యాహ్నం లోపలికి వెళ్లే గాలిలో ఉండేది 10 గ్రాములే. అంటే ఇంకా 36 గ్రాములు మోసుకుపోగలదు. ఉప్పాడలో ఆ రోజు 34 డిగ్రీలు, 70 శాతం తేమ. లోపలికి వెళ్లే గాలిలోనే 26 గ్రాములున్నాయి. ఇక మోయగలిగింది 20 గ్రాములు. ప్రతి శ్వాసా ఇంటి దగ్గర చేసే పనిలో సగం కన్నా కాస్త ఎక్కువ మాత్రమే చేస్తోంది. మా తమ్ముడి లెక్కలో 40కీ 34కీ మధ్య ఆరు డిగ్రీలు తగ్గాయి. కుక్క లెక్కలో చల్లబడే శక్తి దాదాపు సగానికి పడిపోయింది.

పొడి వేడి మంచిదని దీని అర్థం కాదు. గాలి ఒంటి వేడిని దాటితే గాలే వేడిని ఎదురిస్తుంది, నీళ్లు వేగంగా ఖర్చవుతాయి. కాకపోతే తీరంలో ఉష్ణోగ్రత ఒక్కటే చూసి ధైర్యపడకూడదు. ఇది మనుషులకూ వర్తించేదే. భారత వాతావరణ శాఖ వడగాడ్పు ప్రకటించడానికి మైదానాల్లో కనీసం 40 డిగ్రీలు ఉండాలంటుంది, తీర ప్రాంతాల్లో 37 చాలంటుంది. సాధారణం కన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ ఉండాలన్న షరతు రెండుచోట్లా ఉంది.

మరి ఆ హాయైన గాలి? అది చెమట పట్టిన చర్మానికి హాయి. కర్రి ఒళ్లు పొడిగా ఉంది, పైన బొచ్చు, పైగా నలుపు. ఆరబెట్టడానికి తడే లేనప్పుడు గాలి ఏం చేస్తుంది?

బండిలో వదిలితేనే ప్రమాదం అనుకున్న మేం నడకను అనుమానించలేదు. బ్రిటన్‌లో పశువైద్యుల రికార్డుల ఆధారంగా 2020లో వచ్చిన అధ్యయనంలో, కుక్కలకు వడదెబ్బ తగిలిన సందర్భాల్లో నాలుగింట మూడు వంతులకు కారణం పరుగు, ఆట, నడకే. వేడెక్కిన వాహనాల వాటా 5 శాతం దగ్గర. అక్కడి వాతావరణం వేరు, మన దగ్గర వాటాలు వేరుగా ఉండవచ్చు. కానీ కండరం పనిచేస్తే వేడి పుట్టడం ఎక్కడైనా ఒకటే. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకైతే ఆ యంత్రమే ఇరుకు. వాటితో వేసవిలో తీరానికి వెళ్లేవాళ్లు ఇంకొకసారి ఆలోచించుకోవాలి.

పావుగంటకు కర్రి 39.4కు దిగింది. అక్కడ నీళ్లు ఆపేశాం, ఇంకా పోస్తే అవసరానికి మించి చల్లబడిపోతుంది. తర్వాత కాకినాడలో పశువైద్యుడు చూసి సెలైన్ ఎక్కించారు, మర్నాడు మళ్లీ రక్తపరీక్ష చేయించమన్నారు. లోపలి అవయవాల దెబ్బ ఒకటి రెండు రోజులు ఆగి బయటపడుతుందట. "వచ్చేముందే నీళ్లు పోశారు కాబట్టి సరిపోయింది. తడి తువ్వాలు కప్పి తెస్తుంటారు చాలామంది, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది" అన్నారు. ముందు చల్లార్చి, తర్వాతే బండెక్కించాలన్నది ఇప్పుడు పశువైద్యులు గట్టిగా చెప్పే మాట. ఆ మాట మాకు ముందుగా చెప్పింది ఉప్పాడ ఆవిడే. రెండో పరీక్షా బాగానే వచ్చేదాకా కాకినాడ కదల్లేదు.

అక్కడి నుంచి మా పద్ధతి మారింది. నడక తెల్లవారాకే, కానీ ఇసుక మీద కాదు. రొయ్యల చెరువుల గట్ల మీద, ఊరి రోడ్ల మీద, ఏడు లోపు, ఇరవై నిమిషాలు. ప్రతి ఆగుడులో దాని పొట్ట, తొడలు, అరికాళ్లు మంచినీళ్లతో తడిపి ఎదురుగాలికి కూర్చోబెట్టేవాళ్లం. చెమట లేని ప్రాణికి చెమట అప్పివ్వడం అన్నమాట. తేమ ఎక్కువున్నా ఒళ్లంతా తడి, మీద గాలి ఉంటే ఆవిరయ్యే చోటు నోటికి ఎన్నో రెట్లు. సూర్యలంకలో మా కళ్లుగప్పి రెండు గుక్కలు ఉప్పునీళ్లు తాగి ఆ రాత్రంతా విరేచనాలు పెట్టింది. లీటరు సముద్రపు నీటిలో 35 గ్రాముల ఉప్పుంటుంది, దాన్ని బయటికి పంపడానికి ఒంట్లో నీళ్లు పోతాయి. అలా ట్యాంకు రోజూ నింపాల్సి వచ్చింది.

రాత్రిళ్లు ఏసీ ఎందుకు వేయలేదని అడుగుతారు. వ్యాన్‌లోని 12 వోల్టుల, 200 ఆంపియర్-గంటల బ్యాటరీలో ఉండేది 2.4 యూనిట్ల కరెంటు. ఒక టన్ను ఏసీ గంటకు యూనిట్ దాకా లాగుతుంది. రెండు గంటల్లో అంతా చీకటి. పైకప్పు ఫ్యాన్ మాత్రం రాత్రంతా తిరిగేది. కర్రి దాని కింద తడిపిన గోనె మీద పడుకునేది, తమ్ముడేమో ఆ చోటు కోసం దాంతో పోటీ పడేవాడు.

పద్దెనిమిదో రోజు సాయంత్రం తడ చేరాం. పులికాట్ సరస్సు మీద నుంచి గాలి వస్తోంది. మీటరులో 31 డిగ్రీలు, తేమ 78. తమ్ముడు ఈసారి రెండో అంకె చూసి, తాడు చేతిలోకి తీసుకోకుండా మగ్గు అందుకున్నాడు.