డ్రా గేముల్లో ఎవరూ వేయని ఎత్తులు

ప్రపంచ చదరంగ టైటిల్ పోరులో క్లాసికల్ గేములన్నీ డ్రాగా ముగిసిన సందర్భం ఒక్కటే. 2018 నవంబరులో లండన్‌లో మాగ్నస్ కార్ల్‌సన్, ఫాబియానో కరువానా తలపడ్డారు. ఒకరి రేటింగ్ 2835, మరొకరిది 2832. పన్నెండుకు పన్నెండూ డ్రా. స్కోరు మాత్రమే చూసినవాళ్లకు ఇది చప్పగా అనిపించడం సహజం. గేములు ముందేసుకుని ఒక్కో ఎత్తూ వేసి చూసినవాళ్లకు మాత్రం దీన్ని మించిన విందు లేదు.

ఆరో గేమే తీసుకోండి. తెల్ల పావులు కార్ల్‌సన్‌వి, కరువానా ఎంచుకున్నది పెట్రోవ్ డిఫెన్స్. ఎనిమిదో ఎత్తుకే రాణులు రెండూ పోయాయి. ఇక డ్రాయే అనిపించే ఆ స్థితి నుంచి కరువానా నల్ల పావులతో నెమ్మదిగా పట్టు బిగించాడు. చివరికి అతని చేతిలో ఒక బిషప్, ఒక గుర్రం మిగిలాయి. కార్ల్‌సన్‌కు ఒక బిషప్ ఉంది, గుర్రానికి బదులుగా బంట్లు ఎక్కువున్నాయి. 68వ ఎత్తు దగ్గర నార్వేలోని ‘సెస్సే’ అనే కంప్యూటర్ నల్ల పావులకు గెలుపు ఖాయమని చూపించింది. బిషప్‌ను హెచ్4కి తేవాలి, ఆ తర్వాత గుర్రాన్ని ఈ2 మీదుగా జీ1కి పంపాలి.

ఆ జీ1 గడిలోనే ఉంది అసలు విచిత్రమంతా. అక్కణ్నుంచి గుర్రం బయటపడడానికి ఈ2, ఎఫ్3, హెచ్3 అని మూడే గడులు. తెల్ల బిషప్ జీ4లో నిలబడితే మూడూ మూసుకుపోతాయి. అంటే నీ గుర్రాన్ని నువ్వే తీసుకెళ్లి బోనులో పెట్టాలన్నమాట. కానీ అప్పుడు నల్ల రాజు నింపాదిగా ఒక గడి జరిగితే చాలు, తెల్ల పావులు ఇరుక్కుంటాయి. రాజు కదిలినా లాభం ఉండదు, బిషప్ జీ4 వదిలితే గుర్రం బయటికొస్తుంది, ఎత్తు వేయకుండా ఉండే వీలు ఆటలో లేదు. ఆటగాళ్లు దీన్నే జుగ్‌జ్వాంగ్ అంటారు. కరువానా ఆ ఎత్తు వేసుంటే వెంటనే మెటల్ డిటెక్టర్లు తెప్పించేవారని గ్యారీ కాస్పరోవ్ వ్యాఖ్యానించాడు. మనిషన్నవాడు తన గుర్రాన్ని కావాలని అలా బంధించుకోడని ఆయన ఉద్దేశం. గేము 80 ఎత్తులకు డ్రా అయింది. కరువానా గెలుపు చేజార్చుకున్నాడని రాసినవాళ్లున్నారు. నేనైతే ఒప్పుకోను. గంటల తరబడి ఆడి అలసిన మనిషికి, పక్కన యంత్రం లేకుండా, ఆ గెలుపు అందుబాటులో ఉన్నట్టే కాదు.

అదే మ్యాచ్ పన్నెండో గేములో కార్ల్‌సన్ నల్ల పావులతో మెరుగైన స్థితిలో ఉండి, గడియారంలోనూ ముందుండి, 31వ ఎత్తుకు డ్రా ప్రతిపాదించాడు. చాలామంది తప్పుబట్టారు. వేగంగా ఆడే ర్యాపిడ్ టైబ్రేక్‌లో తనకు ఎదురుండదని అతని లెక్క. ఆ టైబ్రేక్‌ను 3–0తో గెలిచాడు కూడా.

కంప్యూటర్ 0.00, అంటే సమానమని, చూపించగానే ఇక చూడాల్సింది లేదనుకుంటాం. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ టైటిల్ కోసం గుకేశ్, డింగ్ లిరెన్ ఆడిన పద్నాలుగో గేము అలాగే డ్రా వైపు సాగుతోంది. గుకేశ్‌కు ఒక్క బంటు అదనం, అంతే. 55వ ఎత్తుకు డింగ్ తన ఏనుగును ఎఫ్2కి తెచ్చి మార్పిడికి ఒప్పుకున్నాడు. అతని బిషప్ ఏ8 మూలన ఉంది. ఏనుగులు పోగానే గుకేశ్ బిషప్ డీ5కి వచ్చింది. మూలనున్న బిషప్‌కు తప్పించుకునే దారి లేదు, అదీ మార్పిడి అయిపోయింది. మిగిలిన రాజు–బంట్ల ఆటలో ఆ ఒక్క బంటే గెలుపు. మూడు ఎత్తుల తర్వాత డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు, గుకేశ్ 18 ఏళ్లకే ప్రపంచ విజేత అయ్యాడు. ఆ మ్యాచ్‌కు గుకేశ్ సహాయక బృందంలో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఉన్నాడు.

డ్రాలు పాఠాలు కూడా చెబుతాయి. మాస్కోలో 1984 సెప్టెంబరులో మొదలైన కార్పోవ్–కాస్పరోవ్ ప్రపంచ టైటిల్ మ్యాచ్‌లో ముందుగా ఆరు గేములు గెలిచినవారిదే టైటిల్, డ్రాలు లెక్కలోకి రావు. తొమ్మిది గేములకు కార్పోవ్ 4–0 ఆధిక్యంలో ఉన్నాడు. ఆ తర్వాత వరసగా 17 డ్రాలు! 48 గేముల్లో 40 డ్రా అయ్యాక, కార్పోవ్ 5–3తో ముందుండగా, 1985 ఫిబ్రవరి 15న ప్రపంచ చదరంగ సమాఖ్య ‘ఫిడే’ అధ్యక్షుడు కాంపొమనెస్ మ్యాచ్ ఆపేశాడు. నా దృష్టిలో ఆ పదిహేడు డ్రాలే కాస్పరోవ్‌కు బడి. ప్రత్యర్థిని అంత దగ్గరగా చదివే అవకాశం ఇంకెక్కడ దొరుకుతుంది? అదే ఏడాది నవంబరులో, 22 ఏళ్ల వయసులో, కార్పోవ్ నుంచే టైటిల్ గెలుచుకున్నాడు.

అతి పొడవైన టోర్నమెంటు గేము కూడా డ్రాయే. 1989లో బెల్‌గ్రేడ్‌లో నికోలిచ్, అర్సోవిచ్ 269 ఎత్తులు, ఇరవై గంటలకు పైగా ఆడారు. ఏనుగు, బిషప్ ఒకవైపు, ఒంటరి ఏనుగు మరోవైపు. బంటు కదలకుండా, ఏ పావూ పోకుండా 50 ఎత్తులు గడిస్తే డ్రా అడగొచ్చన్నది నియమం. అలాంటి ఎండింగులకు దాన్ని అప్పట్లో వందకు పెంచి ఉండడంతో అది అంత దూరం సాగింది.

నిమిషాల్లో తేలిపోయే డ్రాలూ ఉన్నాయి. బెర్లిన్ డిఫెన్స్‌లో రాణులు ఎదురెదురుగా అటూ ఇటూ జరిగి 14 ఎత్తులకే ముగిసే వరస ఒకటి గ్రాండ్‌మాస్టర్లందరికీ కంఠతా వచ్చు. వీటికి అడ్డుకట్టగా 2005లో సోఫియా టోర్నీ ఆటగాళ్లు తమలో తాము డ్రా మాట్లాడుకోవడాన్ని నిషేధించింది.

అయినా డ్రాలు ఆగలేదు. 2025 జులైలో బటూమిలో కోనేరు హంపి, దివ్య దేశ్‌ముఖ్ ఆడిన మహిళల ప్రపంచకప్ ఫైనల్లో రెండు క్లాసికల్ గేములూ డ్రా అయ్యాయి. కప్పు దివ్యకు దక్కింది ర్యాపిడ్‌లో.

డ్రా గేముల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1872లో వియన్నాలో హాంపె, మైట్నర్ ఆడినది. నల్ల పావుల ఫిలిప్ మైట్నర్ వృత్తిరీత్యా లాయరు, అణు విచ్ఛిత్తిని వివరించిన భౌతిక శాస్త్రవేత్త లీసె మైట్నర్‌కు తండ్రి. మూడో ఎత్తుకు బిషప్‌ను, తొమ్మిదో ఎత్తుకు రాణిని, ఆపైన గుర్రాల్ని ఇచ్చేసి తెల్ల రాజును నల్ల పావుల మధ్యకు లాగాడు. చివర్లో మిగిలిన బిషప్ బీ7, ఏ6 గడుల నుంచి చెక్ ఇస్తూనే ఉంటుంది, రాజు తప్పుకుంటూనే ఉంటాడు. మొత్తం 18 ఎత్తులే, బోర్డు పరిచి ఆడి చూడండి. 17వ ఎత్తు దగ్గర ఆగి, బీ7లోని బిషప్‌ను తెల్ల రాజుతో తీసేయండి. నల్ల రాజు డీ8 నుంచి డీ7కి ఒక్క గడి జరుగుతాడు. తెల్ల రాణి జీ4 నుంచి చెక్ ఇచ్చినా డీ6కి తప్పుకుంటాడు. ఆ తర్వాత హెచ్8లోని ఏనుగు బీ8కి వచ్చి చెక్‌మేట్.