కదలని పలక, కదలు సూర్యుడు

మేడమీద సౌరఫలకములను నెలకొల్పదలచిన గృహస్థునకు మొట్టమొదట కలుగు సందేహము, వానిని ఏ దిక్కునకు, ఎంత వాలుగా నిలుపవలెనన్నదే. కిరణము పలకపై నిట్టనిలువుగా పడినప్పుడు దక్కు వెలుగు, అది ఏటవాలైనకొలది తగ్గిపోవును. సూర్యుడా ఒకచోట నిలుచువాడు కాడు. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది గనుక, డిసెంబరు మూడవ వారమున మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి సుమారు 41 డిగ్రీలు దక్షిణమునకు ఒరుగును. మే రెండవ వారమున సరిగా నడినెత్తికి వచ్చి, జూన్‌లో 6 డిగ్రీలు ఉత్తరమునకు దాటి, ఆగస్టు మొదటి వారమున మరల తల మీదుగా దక్షిణమునకు మరలును. ఈ రాకపోకలకు నడిమి స్థానము అక్షాంశమంత వాలే. కావుననే పలకను దక్షిణాభిముఖముగా, తిరుపతిలో 14, ఆదిలాబాదులో 20 డిగ్రీల చేరువను నిలుపుదురు.

ఐతే వానకాలపు మేఘములు ఈ గణితమును సడలించుచున్నవి. ఆ మాసములలో వెలుగు ఆకాశమంతటినుండి చెదరి వచ్చును. దానికి చదునుగా పరచిన పలకయే అనుకూలము. శీతకాలపు నిర్మలాకాశమో, మరికొంత నిలువైన వాలును కోరును. అందుచేత ఒకటి రెండు డిగ్రీలకై తర్కించుట వృథాశ్రమ: కిరణము 10 డిగ్రీలు పక్కకు తొలగినను నేరు వెలుగులో నష్టము నూటికి ఒకటిన్నర మాత్రమే, 20 తొలగిన ఆరు. కాని 10 డిగ్రీలకు దిగువకు వాల్చరాదు. వాననీరు జారక దిగువ చట్రపు అంచున నిలిచి, ఆరినపిదప ఆ పొడవున మట్టిచార పేరుకొని కింది వరుస గడులను కప్పివేయును.

ఇక దక్షిణము నిర్ణయించుట. మేడ చువ్వల చెంత దిక్సూచి ముల్లు తప్పుదారి పట్టును. సూర్యసిద్ధాంతము చెప్పిన శంకువే నమ్మదగినది: చదునైన చోట కర్రను నిలువుగా నిలిపి, దాని మొదలు కేంద్రముగా వలయము గీసి, పూర్వాహ్ణమున నీడకొన వలయములోనికి చొచ్చిన బిందువును, అపరాహ్ణమున వెలువడిన బిందువును కలిపినచో తూర్పుపడమరల రేఖ వచ్చును, దానికి లంబమే ఉత్తరదక్షిణ రేఖ. మన వాలు స్వల్పము గనుక దిక్కు కొంత తప్పినను నష్టము తక్కువే.

నా దృష్టిలో కోణముకన్న వేయిరెట్లు విచారింపవలసినది నీడ. పలకలోని గడులు ఒకదాని వెంట ఒకటి గొలుసుగా కూర్పబడినవి గనుక, నీళ్లట్యాంకు నీడ ఒక గడిని కమ్మినను ఆ వరుసలోని విద్యుత్తంతయు కుంటుపడును. నీడలు మిక్కిలి పొడవుగా సాగు డిసెంబరులో, ఉదయము తొమ్మిది మొదలు సాయంత్రము మూడు వరకు మేడమీద ఏ చోట ఎండ చెదరక నిలుచునో చూచి, అచ్చటనే ఇనుపకాళ్లు పాతింపవలెను.