నూడుల్స్ ధరకు సర్కారు కళ్లెం

తెల్లారితే మనకు ఇడ్లీ ఎలాగో, చైనాలోని లాన్‌ఝౌ నగరంలో కూలీకైనా గుమాస్తాకైనా గొడ్డుమాంసం నూడుల్స్ అలాగ. వంటవాడు పిండిముద్దను రెండు చేతులా సాగదీసి, మడిచి, మళ్లీ సాగదీస్తాడు. మడతకో రెట్టింపు, ఏడు మడతలకు 128 పోగులు! సన్నమా, వెడల్పా అన్నది తినేవారి ఇష్టం. మరిగే నీళ్లలో ఉడికించి తీసి, మాంసం పులుసు పోసి, ముల్లంగి ముక్కలు, కొత్తిమీర, ఎర్రటి కారం నూనె వేస్తారు. గిన్నెడు తింటే పొట్ట నిండినట్లే.

2007లో సరుకుల ధరలు మండిపోవడంతో హోటళ్లవారు గిన్నె ధర పెంచారు. జనం గగ్గోలు పెట్టారు. ఆ జూన్‌లో అధికారులు కల్పించుకొని సాధారణ హోటళ్లలో పెద్ద గిన్నె రెండున్నర యువాన్లకు (అప్పటి లెక్కన మన 13 రూపాయలు) మించరాదని ఆంక్ష పెట్టారు. మరి పిండి, మాంసం, నూనె ధరలు దించేదెవరు?