చేపల కంటే ముందు నీళ్ళు

మన వాళ్ళ ఇళ్ళలో అక్వేరియం కొత్తేమీ కాదు. పిల్లవాడి పుట్టినరోజుకి పది గాలన్ల తొట్టి, డజను చేపలు ఒకే రోజున ఇంటికి వస్తాయి. నెల తిరిగేసరికి తొట్టి గరాజ్‌లోకి చేరుతుంది. "మాకు చేపలు అచ్చిరావండీ" అంటారు. నా వృత్తి మూత్రపిండాల వైద్యం. ఆ కళ్ళతో చూస్తే ఇందులో అచ్చిరాకపోవడమంటూ ఏమీ లేదు. అలా పోయే చేపల్లో చాలావాటికి తమ మలినమే విషమవుతుంది. మా బేస్‌మెంట్‌లో 240 గాలన్ల అక్వేరియం కట్టుకున్న అనుభవంతో, ఆసక్తి గల సభ్యుల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు బరువు సంగతి. మా తొట్టి పొడవు 8 అడుగులు, వెడల్పు 2, ఎత్తు 2. గాలను నీరు 8.3 పౌన్లు. అంటే నీళ్ళే సుమారు 2,000 పౌన్లు. అద్దాలు, స్టాండు, గులకరాళ్ళు కలిపితే 2,500 పైమాటే. ఇక్కడి ఇళ్ళలో లివింగ్ రూమ్ నేలను సాధారణంగా చదరపు అడుగుకి 40 పౌన్ల బరువుకి లెక్క వేసి కడతారు. మా తొట్టి కింద అది 150 దాటుతుంది. అందుకే బేస్‌మెంట్‌లో కాంక్రీటు నేల మీద పెట్టాం. పై అంతస్తులోనే కావాలంటే, కొనే ముందు మన సంఘంలోని సివిల్ ఇంజనీర్లలో ఒకరికి ఇల్లు చూపించండి. మనకి వాళ్ళ కొరత లేదు కదా!

తొట్టి అంచు నుంచి పొర్లిన నీరు గొట్టం ద్వారా కింది చిన్న తొట్టిలోకి దిగుతుంది. అక్కడ వడకట్టిన నీటిని పంపు మళ్ళీ పైకి తోస్తుంది. కరెంటు పోతే పంపు ఆగుతుంది గాని, పై నీరు కొంతసేపు దిగుతూనే ఉంటుంది. మా తొట్టిలో ఒక్క అంగుళం నీరంటే పది గాలన్లు! ఆ నీరంతా పట్టేటంత ఖాళీ కింద ఉండాలి. కార్పెట్ పరచక ముందే మేము పంపును కావాలని ఆపి పరీక్షించాం. వైర్లు ప్లగ్గు కంటే కిందికి వేలాడి పైకి వెళ్ళేలా పెట్టాం. అలా ఉంటే వైరు వెంట జారిన నీటిబొట్టు ప్లగ్గులోకి పోకుండా కింద పడుతుంది.

ఇక అసలు విషయం. మన శరీరంలో పుట్టే అమ్మోనియాని కాలేయం యూరియాగా మారిస్తే, మూత్రపిండాలు బయటికి పంపుతాయి. చేపలు అమ్మోనియాని చాలావరకు మొప్పల ద్వారా నీళ్ళలోకే వదిలేస్తాయి. నదిలో అది కొట్టుకుపోతుంది, తొట్టిలో ఎక్కడికి పోతుంది? ఫిల్టర్లో పెరిగే ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా మొప్పలను కాలుస్తుంది. నైట్రైట్ రక్తానికి ప్రాణవాయువు మోసే శక్తి లేకుండా చేస్తుంది. నైట్రేట్ మాత్రం వారానికి పావు వంతు నీరు మార్చితే అదుపులో ఉంటుంది. ఈ బాక్టీరియా కొత్త తొట్టిలో ఉండవు. అవి స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఆ ఆరు వారాలూ మా ఇంట్లో ఉన్నవి నీళ్ళు మాత్రమే. చేపలకు బదులు కొలిచి కొద్దికొద్దిగా అమ్మోనియా వేస్తూ, మావాడు రోజూ నీటిని పరీక్షించి నోటు పుస్తకంలో రాసేవాడు. భోజనానికి వచ్చిన మిత్రులు "డాక్టరుగారూ, చేపలు సెలవు మీద వెళ్ళాయా?" అనేవారు. మూడో వారంలో నైట్రైట్ రంగు ముదురు ఊదాకి వచ్చినప్పుడు, మా అమ్మాయి "ఇప్పుడు చేపలుంటే ఏమయ్యేవి, నాన్నా?" అని అడిగింది. జవాబు వాళ్ళ అన్నయ్యే చెప్పాడు. ఆ తరువాత ఇద్దరూ తొందర పెట్టలేదు. ఆరో వారంలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాయి.

కుళాయి నీళ్ళలో క్లోరిన్‌గాని, క్లోరమైన్‌గాని ఉంటుంది. దాన్ని విరిచే మందు కలపకుండా ఒక్క బకెట్ కూడా పోయకూడదు. డయాలసిస్‌కి వాడే నీటిలోనూ క్లోరమైన్ తీసేస్తాం, లేకపోతే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి.

చేపల్లో జీబ్రా చేపలు, పడమటి కనుమల ఏళ్ళకి చెందిన ఎర్ర గీత డెనిసన్ బార్బులు తెచ్చాం. అక్వేరియంల కోసం పట్టిపట్టి అడవి ఏళ్ళలో డెనిసన్లు తగ్గిపోయాయి. అందుకని పెంపకంలో పుట్టినవే అడిగి కొన్నాం. భీమవరం నుంచి వచ్చిన మా అమ్మ అన్నీ చూసి, "ఒరే అబ్బాయ్, ఇన్ని నీళ్ళు పెట్టుకుని బొచ్చెలో శీలావతులో వేయక, ఈ వేలెడేసి చేపలేమిట్రా?" అంది. ఇప్పుడు పొద్దున్నే కాఫీ తాగేది మాత్రం ఆ తొట్టి ముందే.

నెలరోజులు ఇండియా వెళ్ళినప్పుడు మేతని వారం మాత్రల డబ్బాల్లో రోజువారీగా పోసి పక్కింటివారికిచ్చాం. ఆకలి కంటే అతిగా పడిన మేతే చేపలకి ప్రమాదం. కుళ్ళిన మేత మళ్ళీ అమ్మోనియాయే.

ఎవరైనా మొదలుపెట్టదలిస్తే మా పరీక్ష కిట్టు, మావాడి నోటు పుస్తకం అరువిస్తాం. ఒకటే షరతు: చేపల దుకాణానికి వెళ్ళే ముందు మా ఇంటికి రండి.