గుండెకు అందే కబురు

వీధి మలుపులో ఒక కుక్క మొరుగుతూ మీదికి వస్తుంది. పిల్లవాడు పరుగు లంకించుకొంటాడు. ఇల్లు చేరి తలుపు వేసుకొన్నాక కూడా అతని గుండె దడదడలాడుతూనే ఉంటుంది. వేగం పెరగడమే కాదు, ఒక్కొక్క దెబ్బా ఎదలో గట్టిగా వినిపిస్తుంది. గుండెకు ఆ బలం ఎక్కడిది?

గుండె కండరం ముడుచుకోవాలంటే కాల్షియం కావాలి. ఈ సంగతి 1883లో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుని ప్రయోగాలలో బయటపడింది. ఆయన ఉప్పునీటిలో ఉంచిన కప్ప గుండె చాలాసేపు కొట్టుకొంది. ఆ ఉప్పునీటిని కుళాయి నీటితో తయారుచేశారని తరువాత తెలిసింది. స్వేదనజలంతో చేసి చూస్తే గుండె కాసేపటికే నిలిచిపోయింది. కుళాయి నీటిలోని కాల్షియమే ఈ తేడాకు కారణం. పొరపాటున వాడిన నీరు వైద్యశాస్త్రానికి ఇంత మేలు చేయడం అరుదు.

విశ్రాంతిలో ఉన్న గుండె కణం లోపలికంటే బయట కాల్షియం సుమారు 10,000 రెట్లు ఎక్కువ. కట్టకు ఒకవైపు నిండు చెరువు, మరొకవైపు ఎండిన పొలం ఉన్నట్లన్నమాట. కణత్వచంలోని కొన్ని ప్రోటీన్లు తూముల వంటివి. ప్రతి స్పందనకూ అవి క్షణకాలం తెరుచుకొంటాయి. కాల్షియం అయాన్లు లోపలికి దూకుతాయి. విద్యుదావేశం గల ఈ అయాన్ల రాకనే కాల్షియం విద్యుత్ప్రవాహం అంటారు. వచ్చేది కొద్దిగానే అయినా, అది కణంలోని నిల్వలను కదిలించి మరింత కాల్షియాన్ని విడుదల చేయిస్తుంది. అప్పుడు కండరం ముడుచుకొంటుంది.

భయం కలిగినప్పుడు మూత్రపిండాలపై టోపీల్లా ఉండే అధివృక్క గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. అది గుండె కణంలోకి పోనక్కరలేదు. పైనున్న బీటా గ్రాహకాన్ని తాకితే చాలు. గ్రాహకం లోపలివైపున ఉన్న జి-ప్రోటీనును మేల్కొలుపుతుంది. అది పురికొల్పిన ఎంజైము ఏటీపీని చక్రీయ ఏఎంపీగా మారుస్తుంది. (ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో మద్రాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.) చక్రీయ ఏఎంపీ ప్రోటీన్ కైనేజ్-ఏ అనే మరో ఎంజైమును పనిలోకి దింపుతుంది. ప్రోటీన్లకు ఫాస్ఫేటును తగిలించడం దాని పని.

ఏ ప్రోటీనుకు? తూముకే అని శాస్త్రజ్ఞులు చాలా ఏళ్ళు అనుకొన్నారు. చిట్టెలుకలలో తూము మీది ఆ చోట్లను మార్చి చూశారు. అయినా గ్రాహకాన్ని ప్రేరేపిస్తే కాల్షియం ప్రవాహం పెరుగుతూనే ఉంది! చివరకు 2020లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుల బృందం అసలు సంగతి పట్టుకొంది. తూమును బాగా తెరుచుకోనీయకుండా రాడ్ అనే చిన్న ప్రోటీను పట్టి ఉంచుతుంది. ఫాస్ఫేటు తగలగానే దాని పట్టు సడలుతుంది. మరింత కాల్షియం లోపలికి వస్తుంది, గుండె బలంగా ముడుచుకొంటుంది.

ఈ కబురు ఎడతెగక వస్తే మాత్రం చేటే. బలహీనపడిన గుండెను శరీరం అడ్రినలిన్‌తో పదేపదే తొందరపెడుతుంది. అలసిన ఎద్దును ముల్లుగర్రతో పొడిచినట్లే ఇది. బీటా గ్రాహకాలకు అడ్డుపడే మందులను 1960లలో రూపొందించిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి లభించింది. బలహీనమైన గుండెకు ఇవి హాని చేస్తాయని వైద్యులు చాలాకాలం జంకారు. కొద్ది మోతాదుతో మొదలుపెట్టి జాగ్రత్తగా ఇస్తే, వీటిలో కొన్ని అలాంటి రోగుల ఆయుష్షును పెంచుతాయని 1999లో వెలువడిన పెద్ద పరీక్షలలో తేలింది.