రాప్ సంపుటి ఏల అమ్ముడుపోదు? — గోదావరీ మండల పద్యరంగ దృష్టాంతముతో ఒక పరిశీలనము

రాప్ సంపుటి యొకటి సర్వాంగసుందరముగా తయారై, విన్న కొలదిమంది మెప్పును బడసియు, పెట్టిన సొమ్మును తిరిగి తేలేకపోవుట అరుదైన విషయము కాదు. దీనికి సాధారణముగా రెండు కారణములు చెప్పుదురు. ప్రకటన చాలలేదనుట ఒకటి. శ్రోతలకు అభిరుచి లేదనుట రెండవది. మొదటిది సగమే నిజము. రెండవది నింద యగును గాని కారణము కానేరదు. ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు గోదావరీ మండలమునకు మించిన తావు తెలుగునాట మఱియొకటి లేదని నా యభిప్రాయము. ఏలయన మాటయే ప్రధానముగా, రాగము దానికి తోడుగా నడచు శ్రవ్యకళను శతాబ్దమునకు పైగా పోషించి, దానిని రికార్డులుగా కూడ కొనుక్కొన్న ప్రాంత మిది. ఆ కళ నాటకపద్యము.

రాప్ అనగా తాళమునకు కట్టుబడిన వేగవచనము. అందు స్వరసంచారము స్వల్పము. శబ్దము, అర్థము, ఊపిరి — ఈ మూడింటి పొందికయే దాని సౌందర్యము. పద్యపఠనమునకు రాగాలాపన యున్నది గదా, పోలిక యెట్లు కుదురునని విజ్ఞు లడుగవచ్చును. రాగము తీసివేసినను రాయబారపద్యము నిలుచును. మాట తెలియనిచో రాగమెంత తీసినను నిలువదు. పోలిక యంతవఱకే. భేద మొకటి ముఖ్యముగా గమనింపవలెను. ఆంగ్లమున రాప్ నడక ఊనికపై ఆధారపడినది; తెలుగు నడక గురులఘువులపై ఆధారపడినది. ఆంగ్లపు ఊనికను యథాతథముగా తెచ్చి తెలుగుపై మోపినచో దీర్ఘములు కుదించుకొనిపోవును, హ్రస్వములు సాగును. 'పాట' 'పట'యై, 'కల' 'కాల'యై వినవచ్చును. అర్థము తెలియుటకు శ్రోత రెండవమారు వినవలసి వచ్చును. మొదటిమారే విసిగినవాడు రెండవమారు వినునా?

ఇక పద్యరంగ చరిత్రము. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు పందొమ్మిదవ శతాబ్ది తుదిని రాజమహేంద్రవరమున నాటకసమాజము కొఱకు రచించిన గయోపాఖ్యానము లక్ష ప్రతులకు పైగా చెల్లినదని ప్రసిద్ధి. యెండగండిలో జన్మించిన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును, కడియమున జన్మించిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును జంటకవులై రచించిన పాండవనాటకముల పద్యములు పొలమున పనిచేయు రైతు నోటను వినబడినవి. అక్షరము రానివారికి సైతము అవి కంఠస్థములు. ఇందు క్రమమును గుర్తింపవలెను. ముందు నాటకము ఊరూర తిరిగినది. జాతరకో తిరునాళ్లకో పందిరి వేయించి, ప్రొద్దు గ్రుంకినది మొదలు తెల్లవారువఱకు ఆడినారు. 'వన్స్ మోర్' అని జనము కేకలు వేయగా నటుడు అదే పద్యమును మరల పాడినాడు. ఆ కేకయే నాటి శ్రోత వేసిన ఓటు. జనము ఏది కోరునో, ఏది కోరదో కంపెనీవానికి లెక్కలు చూడకయే తెలిసినది. గ్రామఫోను రికార్డు తరువాత వచ్చినది. మూడు నిమిషములకు మించి ఒక ప్రక్క పట్టని ఆ లక్క పలకలో, గఱగఱ శబ్దముల నడుమ, సగము మాటలు వినబడకున్నను కొన్నవానికి లోపము తోచలేదు. వినబడని మాటను అతడు తన జ్ఞాపకమునుండియే పూరించుకొన్నాడు. అతడు కొన్నది క్రొత్త కృతిని కాదు, తాను మేలుకొని చూచిన ఒక రాత్రిని.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1974లో స్వర్గస్థులయిన పిమ్మట వెలువడిన భగవద్గీత రికార్డును దీని ప్రక్కన నిలుపవచ్చును. అది చలనచిత్రమున చేరినది కాదు. అయినను ఇంటింట మ్రోగినది. గాత్రము పరిచితము, గ్రంథము పరిచితము, వినుటకు సందర్భములు సిద్ధముగా నున్నవి. కావున చిత్రేతరగీతము తెలుగునాట చెల్లనే చెల్లదను మాట సరికాదు. ముందుగా చెవిలో చోటు లేనిది చెల్లుట కష్టమనుట సరియైన మాట.

రాప్ పుట్టిన దేశమునందును క్రమ మిదియే. 1973లో న్యూయార్కు నగరపు బ్రాంక్స్ ప్రాంతమున వేడుకలలో మొలకెత్తిన ఈ కళ, 1979లో 'రాపర్స్ డిలైట్' అను రికార్డు లోకప్రసిద్ధము కాకమునుపు ఆరేండ్లపాటు జనసమూహముల నడుమనే పెరిగినది. ఆ సమూహములకు వెలుపల నున్న చెవికి సంపుటి చేరినపుడు కలుగు చిక్కులకు బీస్టీ బాయ్స్ చరిత్రము తగిన ఉదాహరణము. వారి మొదటి సంపుటి 1986లో వెలువడి, మరుసటి యేట అమెరికా విక్రయపట్టికలో అగ్రస్థానమును పొందిన తొలి రాప్ సంపుటి యయినది. 1989లో వెలువరించిన 'పాల్స్ బుటీక్' నూటికి పైగా పాతపాటల తునుకలను అతుకు కనబడకుండ కూర్చిన ఆశ్చర్యకరమైన నిర్మాణము. అది పదునాలుగవ స్థానముతోనే ఆగిపోయి, సంస్థ ఆశలను వమ్ముచేసినది. శ్రోతలు మొదటి సంపుటిలోని అల్లరిని మరల కోరిరి, చేతికందినది నేర్పు. పదేండ్లకు, 1999లో, అదే సంపుటికి ఇరువదిలక్షల ప్రతుల గుర్తింపు లభించినది. నాస్ అను కవిగాయకుని 'ఇల్మాటిక్' 1994లో విమర్శకుల ప్రశంసలందియు అమ్మకములలో మందగించి, పదిలక్షల గుర్తింపును 2001లో గాని పొందలేదు. నిర్మాణము మారలేదు, చెవి మారినది. అయితే సొమ్ము పెట్టినవాడు పదేండ్లు వేచియుండగలడా యనునది వేఱు ప్రశ్న.

'చక్కని నిర్మాణము' అను మాటయే పరీక్షింపదగినది. రాప్ సంపుటిలో ధనము, శ్రమ అధికముగా వ్యయమగునది మంద్రధ్వనులపై. గుండెను తాకునట్టి ఆ అడుగుదరువును నిపుణులు పెద్దపెద్ద ధ్వనిపేటికల నడుమ కూర్చుండి సవరింతురు. అది చేరునది ఎచ్చటికి? ఫోనులోని చిన్న పేటిక ఆ మంద్రమును పలికింపజాలదు. మన ఊళ్లలో పెండ్లికి కట్టు మైకుసెట్టు గొట్టము సుమారు మూడువందల ఆవృత్తులకు దిగువనున్న ధ్వనిని చాలవఱకు వదలివేయును. అనగా సొమ్మంతయు ఏ భాగముపై పెట్టినారో ఆ భాగమే వినబడదు. మిగులునది మాట, ఆ మాట దరువు క్రింద అణగి, వేగమున నలిగి యుండును. నాటకపద్యము ఇందుకు పూర్తిగా విరుద్ధము. మైకులేని పందిటిలో చివరి వరుసకు చేరవలెనను నిర్బంధమువలన అది హెచ్చు శ్రుతిని, స్పష్టమైన ఉచ్చారణను ఎన్నుకొన్నది. గొట్టపు మైకు వచ్చినపుడు అందులోనుండి చెక్కుచెదరక బయటికి వచ్చినది. మన హార్మోనిస్టులు ధ్వనిశాస్త్రము చదివినవారు కారు. వారికి చివరి వరుస తెలియును.

భాషావిషయ మొకటి కలదు. రాప్‌నకు ప్రాణము స్థానికవాణి. తెలుగు రాప్‌నకు హైదరాబాదు ప్రధానకేంద్రమగుటచే, అందలి నుడికారము ఆ నగరపుదిగా నుండుట సహజము. కోనసీమ యువకుడు దానిని ఆనందింపగలడు, కాని అది తన మాటయని అనుకొనడు. అతని 'ఆయ్' అను పలుకు సినిమాలలో హాస్యమునకే తఱచుగా వినియోగపడినది. ఆ పలుకుతో గంభీరమైన రాప్ చెప్పినవాడు తన సీమను గెలువవచ్చును. అయితే అంతే స్థానికమైనది పొరుగు మండలములలో అమ్ముడుపోవుట కష్టము. ఎల్లరకు తెలియునట్లు నుడిని చదును చేసినచో ఎవరిదియు కాకుండ పోవును. ఈ చిక్కు నుండి తప్పించుకొను మార్గము తెలుగున చలనచిత్రమే చూపినది. రహమాన్ సంగీతము కూర్చిన 'ప్రేమికుడు' 1994లో వచ్చినపుడు అందలి రాప్‌ను జనము పరాయిదని త్రోసివేయలేదు. కథయు, నర్తనమును, తెఱయు దానికి ముందుగా చోటు చేసి పెట్టినవి. విడి సంపుటికి ఆ మూడును లేవు.

ఆదాయమార్గము సంకుచితమయినది. క్యాసెట్టు కొన్నవాడు ఒక పాట కొఱకైనను మొత్తము వెల చెల్లించెడివాడు. నేడు అంతర్జాలశ్రవణమున లెక్క పాటకు పాటగా నడచును. 2019లో భారతదేశమునకు వచ్చిన స్పాటిఫై సంస్థ పద్ధతిలో ముప్పది సెకనులు విన్నగాని అది ఒక వినికిడిగా లెక్కకు రాదు. నాందీప్రస్తావనలతో తీరికగా ఆరంభమగు పాట ఆ గడువులోనే శ్రోతను పోగొట్టుకొనును. 2024 నుండి మఱియొక నియమము వచ్చినది: పండ్రెండు నెలలలో వేయి వినికిడులు లేని పాటకు రికార్డు ప్రతిఫలమే లేదు. అమలాపురమున ఒక యువకుడు పది పాటల సంపుటి చేసి, ఒక్కొక్కదానికి ఏడాదిలో తొమ్మిదివందల వినికిడులు సంపాదించెననుకొందము. మొత్తము తొమ్మిదివేలు, అతనికి అక్కడనుండి ముట్టునది సున్న. అదే మండలమున పద్యనాటకపు జట్టు బయానా ముట్టిన పిమ్మటనే లారీ ఎక్కును. తక్కిన సొమ్ము తెల్లవారి తెఱ విప్పుటకు ముందే లెక్కపెట్టుకొనును.